సంధికి అరపేజీ చాలదు: పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు ఒక సోషల్ టీచర్ బహిరంగ లేఖ

సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలందరికీ నమస్కారం.

ఇరవై ఎనిమిదేళ్లు పల్లెటూరి హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన టీచర్ని. మీలో చాలామంది నాలాగే తరగతి గదిలోంచి వచ్చినవాళ్లే. అందుకే ఈ ఉత్తరం గోడకు చెప్పినట్టు కాకుండా సాటి టీచర్లతో స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుతున్నట్టు రాస్తున్నాను.

ఒక ఏప్రిల్ నెలలో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లాను. పదో తరగతి సోషల్ పేపర్లు. ఎండ మండిపోతోంది, ఫ్యాన్ గాలికి జవాబు పత్రాలు ఎగిరిపోకుండా స్కేలు అడ్డం పెట్టుకుని దిద్దుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగిస్తూ జర్మనీతో చేసుకున్న వర్సెయిల్స్ సంధి మీద ప్రశ్న వచ్చింది. మొదటి పేపర్లో రాసిన జవాబే రెండో దాంట్లో, మూడో దాంట్లో. "వర్సెయిల్స్ సంధి జర్మనీని అవమానించింది. అందువల్ల హిట్లర్ వచ్చాడు. అందువల్ల రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది." ఒక పిల్లవాడు వాక్యాలు కూడా రాయలేదు. వర్సెయిల్స్ అని రాసి బాణం గుర్తు, హిట్లర్ అని రాసి బాణం గుర్తు, యుద్ధం. కీలో ఉన్న పాయింట్లన్నీ వచ్చాయి కాబట్టి మార్కులు వేశాను. ఆ వాక్యాన్నే ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి కాపీ చేయించింది నేనే. ఆ రోజు ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. ఆ బాణం గుర్తు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ బాణం నిజం కాదు. 1919లో సంధి జరిగింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1928లో జర్మనీలో ఎన్నికలు జరిగితే హిట్లర్ పార్టీకి వచ్చిన ఓట్లు నూటికి మూడు కూడా లేవు, 2.6 శాతం. అప్పటికి జర్మనీ, దేశాల మధ్య తగాదాలు తీర్చడానికి పెట్టిన నానాజాతి సమితిలో చేరి దాదాపు రెండేళ్లయింది. ఫ్రాన్స్‌తో సరిహద్దుల మీద లొకార్నో ఒప్పందం కుదిరి దాదాపు మూడేళ్లయింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. జర్మనీలో నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. 1932 జూలైలో అదే పార్టీకి 37 శాతం ఓట్లు పడ్డాయి. మధ్యలో ఇంత జరిగింది. సంధి తప్పుల్లేనిదని నేను అనడం లేదు, తప్పులు చాలానే ఉన్నాయి. కానీ ఆ తప్పులేమిటో, ఎవరు చేశారో, ఎందుకు చేశారో, మరోలా చేసే వీలుందా లేదా అన్నది పిల్లలకు మనం చెప్పడం లేదు. సిలబస్ ఎన్నిసార్లు మారినా యుద్ధానికి కారణాలు రెండు పేజీలు, యుద్ధం గడిచిన తీరు ఇంకో రెండు పేజీలు, సంధికి మాత్రం అరపేజీ. యుద్ధం ఎలా మొదలవుతుందో నేర్పుతున్నాం. దాన్ని మనుషులు కూర్చుని ఎలా ముగిస్తారో నేర్పడం లేదు.

ఆ స్పాట్ తర్వాతి సంవత్సరం నేనొక పని చేశాను. ఈ ఉత్తరం రాయడానికి అదే అసలు కారణం.

ఆ పాఠం వచ్చినప్పుడు పుస్తకాలు మూయించి నాలుగు బెంచీలు గది మధ్యకు జరిపించాను. చీటీలు రాసి పంచాను. ఒకరు అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఒకరు ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో, ఒకరు ఇంగ్లండ్ ప్రధాని లాయిడ్ జార్జ్, ఒకరు ఇటలీ ప్రధాని ఓర్లాండో. జర్మనీ చీటీ చురుకైన ఒక అమ్మాయికి వచ్చింది. ఆమెను బయట వరండాలో నిలబెట్టాను. లోపల నలుగురూ సరిహద్దుల గురించి, డబ్బు గురించి కొట్టుకుంటున్నారు. ఐదు నిమిషాలకోసారి కిటికీలోంచి తల పెట్టి ఆ పిల్ల అడుగుతోంది. "సార్, నన్నెప్పుడు పిలుస్తారు?" "ఇంకా లేదమ్మా." పిరియడ్ అయిపోవడానికి మూడు నిమిషాల ముందు లోపలికి పిలిచి, వాళ్లు రాసిన కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నాను. తీసుకుని చూసింది. "నాతో ఎవరూ మాట్లాడనే లేదు కదా సార్" అంది. వెనక బెంచీ నుంచి ఇంకో కుర్రాడు లేచాడు. "మా ఊళ్లో గట్టు తగాదా వస్తే కూడా పెద్దమనుషులు ఇద్దర్నీ కూర్చోబెడతారు సార్. ఒకడ్ని బయట నిలబెట్టి తీర్పు చెప్పరు."

నేను పుస్తకంలోంచి చెప్పలేకపోయింది వాళ్లకు పది నిమిషాల్లో అర్థమైంది. 1919లో పారిస్‌లో అచ్చంగా ఇదే జరిగింది.

పెద్దలారా, ఆ ఆరు నెలల కథ మీకు తెలియనిది కాదు. అయినా అది పుస్తకంలో ఎందుకుండాలంటున్నానో తెలియడానికి కొంత చెబుతాను.

జనవరి 18న సమావేశాలు మొదలయ్యాయి. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. 1871లో అదే తేదీన, ఓడిపోయిన ఫ్రాన్స్ గడ్డ మీద, వర్సెయిల్స్ అద్దాల మహల్‌లో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నారు. అప్పటి అవమానం క్లెమెన్సో కళ్లారా చూశాడు. 1919లో ఆయన వయసు 77. ఫిబ్రవరిలో ఒక యువకుడు ఆయన మీద కాల్పులు జరిపితే, ఒంట్లో దిగిన తూటాతోనే కొద్ది రోజుల్లో పనిలోకి వచ్చాడు. మన పుస్తకాల్లో ఈయన పగబట్టిన ముసలాయనగా మాత్రమే కనిపిస్తాడు. అది ఆయనకు అన్యాయం. ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో పొలాలు కందకాలతో, గుంతలతో నిండిపోయాయి. జర్మన్ సైన్యం వెనక్కి పోతూ బొగ్గు గనుల్లోకి నీళ్లు వదిలి పాడుచేసింది. పైగా 1918 మార్చిలో బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో రష్యా మీద జర్మనీ రుద్దిన సంధి ఇంతకంటే కఠినమైనది. పక్కింటివాడు రెండుసార్లు ఇల్లు తగలబెట్టినవాడి భయం క్లెమెన్సోది. ఆ భయం పిల్లలకు తెలిస్తేనే ఆయన ఎందుకలా పట్టుబట్టాడో తెలుస్తుంది.

మార్చి నెలాఖరులో లాయిడ్ జార్జ్ ఒక నోట్ రాసిచ్చాడు. జర్మనీని మరీ అణిచేస్తే మళ్లీ యుద్ధం వస్తుందని అందులో హెచ్చరించాడు. దానికి ఫ్రాన్స్ ఇచ్చిన జవాబు నాకు ఎప్పటికీ మరపురాదు. జర్మనీకి యూరప్‌లో ఉదారంగా వదిలేయమని చెబుతున్నారు సరే, వాళ్ల నౌకాదళం, వాళ్ల వలస రాజ్యాలు మీరు పుచ్చుకున్నారు కదా, వాటి సంగతేమిటి అని. ఇతరుల వాటాలోంచి దానం చేయడం ఎంత తేలికో ఈ ఒక్క ఉత్తర ప్రత్యుత్తరంతో ఏ పదో తరగతి పిల్లవాడికైనా చెప్పొచ్చు.

అసలు మెలిక ఇంకోటి ఉంది. మొదట అనుకున్నది జర్మనీని పూర్తిగా బయట పెట్టాలని కాదు. ముందు గెలిచినవాళ్లంతా తమలో తాము ఒక మాట మీదకు రావాలి, తర్వాత జర్మనీని పిలిచి అసలు చర్చలు జరపాలి, ఇదీ ప్లాన్. కానీ వీళ్లలో వీళ్లు ఒక మాట మీదకు రావడానికే నెలలు పట్టింది. ఫియూమె రేవు మాకు ఇవ్వలేదని ఓర్లాండో ఏప్రిల్‌లో అలిగి ఇంటికెళ్లిపోయాడు. ఒకరికి ఒక ఊరు, ఇంకొకరికి ఒక గని ఇచ్చుకుంటూ ఎలాగో అతుకులు వేసి కాగితం తయారుచేశారు. ఇప్పుడు జర్మనీ వచ్చి ఒక అతుకు విప్పితే మొత్తం విడిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. దాంతో చర్చ ఊసే వదిలేశారు. వాళ్ల చెడ్డతనం కంటే అలసట, తొందర ఎక్కువ పని చేశాయని నేననుకుంటాను. ఇంట్లో ఆస్తి పంపకాలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ముసాయిదా మే 7 తెల్లవారుజామున అచ్చు నుంచి వచ్చింది. అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా, వేర్వేరు కమిటీలు రాసిన ఆ 440 అధికరణాలను ఒకేచోట చదివే అవకాశం దాదాపు ఎవరికీ రాలేదు. ఆహార సహాయం చూస్తున్న అమెరికా అధికారి హూవర్ దాన్ని చదివి, నిద్ర పట్టక పారిస్ వీధుల్లోకి నడిచాడు. అదే బెంగతో తిరుగుతున్న దక్షిణాఫ్రికా ప్రతినిధి స్మట్స్, బ్రిటిష్ ఆర్థిక శాఖ నుంచి వచ్చిన కీన్స్ ఆయనకు ఎదురయ్యారు. ముగ్గురూ ఒకే మాట మాట్లాడుకున్నారు, ఇది నిలబడదని. కీన్స్ ఆ తర్వాతి నెలలో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ వీధిని, ఆ వేకువజామును ఒక్క బాక్స్ ఐటమ్‌గా పుస్తకంలో వేసినా చాలు. లోపలి మనుషుల్లోనే ఎంత సంశయం ఉందో పిల్లలకు తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఒక హోటల్ హాల్లో జర్మన్ ప్రతినిధులకు ముసాయిదా ఇచ్చారు. వాళ్లు ఏప్రిల్ చివర్లో వచ్చారు. దారిలో యుద్ధం పాడుచేసిన ఊళ్ల మీదుగా వాళ్ల రైలును కావాలనే నెమ్మదిగా నడిపించారు. బస చేసిన హోటల్ చుట్టూ కంచె వేశారు. వాళ్ల నాయకుడు బ్రాక్‌డార్ఫ్-రాంట్సావ్ కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు. యుద్ధానికి మేమొక్కరమే కారణమని ఒప్పుకుంటే నా నోట అది అబద్ధమవుతుంది అన్నాడు. కాల్పుల విరమణ తర్వాత కూడా ఓడల దిగ్బంధనం ఎత్తేయకపోవడంతో చనిపోయిన సామాన్యుల సంగతి అడిగాడు. నిజంగానే 1918 నవంబర్ 11న తుపాకులు ఆగినా దిగ్బంధనం 1919 జూలై దాకా పూర్తిగా తొలగలేదు. జర్మనీకి తిండిగింజలు చేరడం మార్చి తర్వాతే మొదలైంది. ఎదుటివాడి పిల్లలు ఆకలితో ఉండగా కాగితం ముందు పెడితే అతను సంతకం పెడతాడు. కానీ ఆ సంతకం మీద అతనికి గౌరవం ఉంటుందా?

అభ్యంతరాలేవైనా ఉంటే రాతపూర్వకంగా 15 రోజుల్లో ఇవ్వాలి, నోటి మాటలు లేవు. వాళ్లు పెద్ద జవాబే రాశారు. ఎగువ సైలీషియాలో ప్రజాభిప్రాయం తీసుకోవడం లాంటి కొద్ది మార్పులు చేసి, మిగతాది ఒప్పుకుంటారా మళ్లీ యుద్ధం చేయమంటారా అన్నారు. జర్మనీలో ప్రభుత్వం కూలిపోయింది. కొత్త ప్రభుత్వం సభలో ఓటింగ్ పెడితే 237 మంది సంతకానికి సరే అన్నారు, 138 మంది వద్దన్నారు. గడువు ఇంకో గంటన్నరలో ముగుస్తుందనగా ఒప్పుకుంటున్నామని కబురు పంపారు.

జూన్ 28న అద్దాల మహల్‌లో సంతకాలు. ముఖాలు ఛిద్రమైన ఐదుగురు ఫ్రెంచ్ సైనికులను క్లెమెన్సో పిలిపించి, జర్మన్లకు కనపడేలా అక్కడ ఉంచాడు. జర్మనీ తరఫున హెర్మన్ ముల్లర్, యోహానెస్ బెల్ సంతకాలు పెట్టారు. ఆ యుద్ధాన్ని మొదలుపెట్టినవాళ్లు వీళ్లు కారు. చక్రవర్తి హాలండ్ పారిపోయాడు. సైన్యాధిపతులెవరూ అక్కడికి రాలేదు. అప్పుడే పుట్టిన ప్రజాస్వామ్య ప్రభుత్వం నెత్తిన ఆ సంతకం బరువు పడింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు జర్మనీలో ప్రజాస్వామ్యాన్ని ద్వేషించేవాళ్లందరికీ ఆ సంతకమే ఆయుధమైంది. సంధిలో ఏ షరతు కఠినం అన్నదాని కంటే, ఎవరి చేత సంతకం పెట్టించారు అన్నది పెద్ద తప్పని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. అలాంటి వాదన తరగతిలో జరగాలనే నా తపన.

ఇక నష్టపరిహారం. పుస్తకంలో ఎంత ఉందో దాన్నే బిట్ పేపర్లో అడుగుతాం. నిజానికి వర్సెయిల్స్ ఒప్పందంలో మొత్తం అంకెను ఖరారు చేయనే లేదు. ఎంత అని చెబితే ఫ్రాన్స్, ఇంగ్లండ్ ప్రజలు తక్కువని గోల చేస్తారు, జర్మనీ ఎక్కువంటుంది. అందుకని దాన్ని ఒక కమిషన్‌కి వదిలేశారు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కులని తేల్చారు. అందులో దాదాపు 8,200 కోట్లు పేరుకే రాసుకున్నవి, వసూలవుతాయని ఎవరూ అనుకోలేదు. గెలిచిన దేశాల ఓటర్లను ఊరడించడానికి రాసిన అంకె అది. ఓడిన దేశంలో అదే అంకె ప్రతి ఇంట్లో కుంపటి రాజేసింది. సంధి కుదిర్చేవాళ్లు ఎదుటివాళ్లతోనే కాదు, వెనక నిలబడ్డ తమ జనంతో కూడా బేరమాడుతుంటారు. ఈ సంగతి పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఆ రోజు తరగతిలో ఇండియా చీటీ వచ్చిన కుర్రాడు అడిగాడు. "నేనెక్కడ కూర్చోవాలి సార్?" సమాధానం చెప్పడానికి నాకు నిమిషం పట్టింది. చివరికి లాయిడ్ జార్జ్ పక్కన బెంచీ చివర కూర్చోబెట్టాను.

ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. హైదరాబాద్ సంస్థానపు గుర్రపు దళం పాలస్తీనా దాకా వెళ్లింది. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి ఆ దళానికి గుర్తు. మరి సంధి బల్ల దగ్గర భారతదేశం తరఫున సంతకం పెట్టిందెవరు? భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటెగు, బికనీర్ మహారాజు గంగా సింగ్. 1918 చివర్లో ఢిల్లీలో కాంగ్రెస్ తిలక్‌ని, గాంధీని, హసన్ ఇమామ్‌ని తన ప్రతినిధులుగా ఎన్నుకుంది. వాళ్లకు అక్కడ చోటు దొరకలేదు. అంతకు ముందే, 1917లో, మద్రాసు హైకోర్టు రిటైర్డ్ జడ్జి ఎస్.సుబ్రహ్మణ్య అయ్యర్ స్వపరిపాలన కోసం విల్సన్‌కే నేరుగా ఉత్తరం రాశారు. దాని మీద ప్రభుత్వం కన్నెర్ర చేస్తే సర్ బిరుదు వదిలేసుకున్నారు. మన ఆంధ్ర జిల్లాలన్నీ అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఈ ఉత్తరం సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1919 ఏప్రిల్ 11న పారిస్‌లో జపాన్ ఒక ప్రతిపాదన పెట్టింది. నానాజాతి సమితి నియమావళిలో జాతుల మధ్య సమానత్వం అన్న మాట చేర్చమని. 17 మందిలో 11 మంది సరేనన్నారు. అధ్యక్షత వహిస్తున్న విల్సన్ అందరూ ఒప్పుకోలేదు కాబట్టి చెల్లదన్నాడు. ఇది జరిగిన రెండు రోజులకు, ఏప్రిల్ 13న, అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్. పిల్లలు ఈ రెండో తేదీని కంఠతా పట్టి రాస్తారు. మొదటిది వాళ్ల పుస్తకంలోనే లేదు. రెండూ ఒకే వారంలో జరిగాయని బోర్డు మీద పక్కపక్కన రాస్తే తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. నేను రాసి చూశాను.

ఇంకొకటి చెప్పాలి. ఖిలాఫత్ ఉద్యమం పాఠం మన పుస్తకాల్లో ఎక్కడో జాతీయోద్యమం చాప్టర్లో ఉంటుంది. ప్రపంచ యుద్ధం ఇంకో చాప్టర్లో. రెండూ ఒకే బల్ల దగ్గర పుట్టాయని పిల్లలకు తెలియదు. ముస్లింలు ఖలీఫాగా గౌరవించే సుల్తాన్ ఏలుతున్న టర్కీకి ఏం గతి పట్టిస్తారోనన్న ఆందోళనే ఖిలాఫత్. 1920 ఆగస్టు 10న సెవ్ర్‌లో టర్కీ మీద రుద్దిన ఒప్పందం ఆ పారిస్ పనిలో భాగమే. అదే నెల ఒకటో తేదీన గాంధీ సహాయ నిరాకరణ మొదలుపెట్టారు. ఆ కాలంలోనే బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు, చీరాల–పేరాల జనం ఊరు ఖాళీ చేసి గుడిసెల్లో ఉండటం. చీరాల గొడవ మున్సిపాలిటీ పన్నుల మీద మొదలైంది, దాన్ని పారిస్‌కి ముడిపెట్టమని నేను అనను. కానీ ఆ రోజుల్లో గాలి ఎలా వీచిందో చెప్పాలంటే ప్రపంచ పటం తెరవక తప్పదు. పాలస్తీనా, ఇరాక్‌లను ఇంగ్లండ్‌కు, సిరియా, లెబనాన్‌లను ఫ్రాన్స్‌కు అప్పగించింది కూడా 1920 ఏప్రిల్‌లో శాన్ రెమోలో, ఈ వరుసలోనే. టీవీలో గాజా చూసి పిల్లలు అడిగే ప్రశ్నలకు మా దగ్గర పుస్తకం ఉండాలి కదా. చైనా కూడా అంతే. గెలిచినవాళ్ల పక్షానే ఉన్నా, తమ షాండాంగ్ రాష్ట్రంలో జర్మనీకి ఉన్న హక్కులు జపాన్‌కి ఇచ్చారని 1919 మే 4న బీజింగ్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు. చైనా ఆ సంధి మీద సంతకమే పెట్టలేదు.

జర్మనీ వరండాలో నిలబడింది సరే. ఆ వరండాలో ఇంకెంతమంది నిలబడి ఉన్నారో చూడండి.

ఇదంతా చెబితే పిల్లలకు లోకం మీద విసుగు పుడుతుందని ఒక తోటి టీచర్ అన్నారు. నేను అలా అనుకోను. ఎందుకంటే రెండో యుద్ధం తర్వాత కొందరు పాఠం నేర్చుకున్నారు. 1953లో లండన్‌లో పశ్చిమ జర్మనీ పాత అప్పుల మీద మాట్లాడుకున్నప్పుడు ఈసారి అప్పుపడ్డవాళ్లు కూడా బల్ల దగ్గరే కూర్చున్నారు. అప్పులో దాదాపు సగం తగ్గించారు. మిగతాది తీర్చగలిగే స్థోమత చూసి వాయిదాలు వేశారు. పాత నష్టపరిహారం కోసం తీసుకున్న అప్పుల తాలూకు చివరి వాయిదాను జర్మనీ 2010 అక్టోబర్ 3న కట్టింది. దాని మీద ఏ యుద్ధమూ రాలేదు. ఈ తేదీ చెప్పినప్పుడు నా తరగతిలో పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్లంతా అప్పటికే పుట్టారు.

మన దేశం సొంతంగా చేసిన పనిని కూడా మనం చెప్పుకోవడం లేదు. 1951 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్‌తో సంధి జరిగింది. నెహ్రూ ప్రభుత్వం వెళ్లలేదు. ఆ ఒప్పందంలో జపాన్‌కు గౌరవం, సమానత్వం దక్కడం లేదని, విదేశీ సైన్యం అక్కడే ఉండిపోతుందని అభ్యంతరం చెప్పింది. చైనాను ఆ సభకు పిలవలేదు, కొరియానూ పిలవలేదు. అదే సభలో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ప్రతినిధి జయవర్ధనే, ద్వేషం ద్వేషంతో చల్లారదన్న బుద్ధుడి మాట చెప్పి తమ దేశం నష్టపరిహారం కోరదన్నాడు. మన దేశం 1952 జూన్ 9న టోక్యోలో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది. నష్టపరిహారం హక్కులన్నీ వదులుకుంది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లు కూడా నిండలేదు. మనకే తిండికి కటకటగా ఉన్న రోజులు. 1919లో వేరేవాళ్ల పక్కన బెంచీ చివర కూర్చున్న దేశం, 33 ఏళ్ల తర్వాత తన సొంత మాట మీద, తన సొంత సంతకంతో ఒక యుద్ధాన్ని ముగించింది. బెంచీ చివర కూర్చున్న ఆ కుర్రాడికి నేను ఇది చెప్పినప్పుడు వాడి ముఖం చూసి ఉండాల్సింది మీరు.

అందుకని మిమ్మల్ని అడిగేది పెద్ద కోరికేం కాదు. వచ్చే సవరణలో యుద్ధాల పాఠం తర్వాత, యుద్ధం ముగించడం మీదే ఒక పాఠం పెట్టండి. పేజీలు సరిపోవంటే యుద్ధాల పేర్లు, సైన్యాధిపతుల పేర్లు కొన్ని తీసేయండి, ఏమీ నష్టం లేదు. ఆ పాఠంలో పారిస్ బల్ల చుట్టూ ఎవరున్నారో, బయట ఎవరున్నారో చూపించే బొమ్మ ఒకటి వేయండి. ఖిలాఫత్ పాఠం దగ్గర ఈ పాఠం పేజీ నంబరు ఇవ్వండి. 1952 ఒప్పందానికి ఒక పేరా ఇవ్వండి. పరీక్షలో ఫలితాలు రాయుము అని అడగడం మానేసి, క్లెమెన్సో స్థానంలో మీరుంటే ఏ షరతు మారుస్తారు, ఎందుకు అని అడగండి. దిద్దేవాళ్లకు కష్టమే, నాకు తెలుసు. కీలో నాలుగు పాయింట్లు ఇస్తే సరిపోదు, ఆలోచించి మార్కులు వేయాలి. స్పాట్‌లో రోజుకు ఎన్ని పేపర్లు దిద్దాలో కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇప్పుడు కూడా ఎక్కడో ఒకచోట యుద్ధం జరుగుతూనే ఉంది. దాన్ని ముగించడానికి ఏదో ఒక దేశపు హోటల్లో కొందరు కూర్చుంటారు. అలాంటి బల్లల దగ్గర కూర్చునేవాళ్లూ, వాళ్లకు ఫైళ్లు రాసిచ్చేవాళ్లూ, వాళ్లను ఎన్నుకునేవాళ్లూ ఎక్కడో ఒక పదో తరగతిలో చదువుకునే ఉంటారు. మన బళ్లలోంచి కూడా వెళతారు.

ఆ పిరియడ్ కోసం నేను రాసుకున్న చీటీలు, ఒక్కో దేశం ఏం కోరుకుందో పిల్లలకు అర్థమయ్యేలా రాసిన కాగితాలు, చార్టు మీద గీసిన పటం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కావాలంటే జిరాక్స్ తీసి పంపిస్తాను, లేదా ఎక్కడికి రమ్మన్నా స్వయంగా తెచ్చి చూపిస్తాను. వరండాలో నిలబడ్డ ఆ అమ్మాయి మర్నాడు నోటు బుక్కులో రాసుకొచ్చిన ఒక పేజీ కూడా వాటితోపాటే ఉంది. సంతకం పెట్టేముందు తను ఏం అడగాలనుకుందో అందులో పదకొండు ప్రశ్నలు రాసింది. మొదటి ప్రశ్న, "మా పిల్లలకు అన్నం ఎప్పుడు పంపిస్తారు?"

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్